ఈ కోడిని ఎవరు కోశారు

శనివారం ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు నేను కోడిని కోశాను. అది ఫాసికాకు, అంటే మా ఈస్టరు పండక్కి, ముందు రోజు. స్థలం, మా అపార్ట్‌మెంట్ బ్లాకుల మధ్య ఉన్న ఉమ్మడి షెడ్డు. చూసినవాళ్ళు అయిదుగురు. కింది అంతస్తు మింత్వాబ్ అక్క, మా బ్లాకులోనే ఉండే ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు, నా కూతురు ఎల్దానా, నా కొడుకు నాహోమ్. ఎల్దానాకు ఏడేళ్ళు, నాహోమ్‌కు మూడు. కోడి కాళ్ళు పట్టుకున్నది ఎల్దానా.

మా దగ్గర ఆడది కోడిని కోయదు. సంతకెళ్ళి బేరమాడి తేవచ్చు. కోశాక వేడినీళ్ళలో ముంచి ఈకలు పీకవచ్చు. నిమ్మరసం, ఉప్పు వేసి ఏడుసార్లు కడగవచ్చు, ఏడో కడుగు నీళ్ళు తాగేటంత తేటగా రాకపోతే తిట్లు తినవచ్చు. మూడు కిలోల ఉల్లిపాయలు తరిగి, నూనె చుక్క లేకుండా రెండు గంటలు కలుపుతూ కూర్చోవచ్చు. కత్తి గొంతు మీద ఆడే ఆ రెండు సెకన్లు మాత్రం మగవాడివి. ఇంట్లో మగవాడు లేకపోతే ఒక చేత్తో కోడి, ఒక చేత్తో కత్తి పట్టుకుని గేటు దగ్గర నిలబడాలి. దారినపోయే మగవాణ్ణి, 'అన్నా, కాస్త కోసిపెట్టు' అని అడగాలి. అతని పేరు తెలియనక్కర్లేదు, అతనికి కోయడం రానక్కర్లేదు. ఆడది కోసింది మాత్రం ఎవరూ తినరు. ఎందుకని నేను ముగ్గురిని అడిగాను. మా అమ్మ, "తినరంతే" అంది. మా అత్తగారు, "పాపం" అంది. మా చర్చి గురువుగారు కొంచెం ఆలోచించి, "పుస్తకంలో అలా ఎక్కడా లేదు గానీ, ఆచారం ఆచారమేగా తల్లీ" అన్నారు.

నా ఉద్యోగం కూడా చెప్పాలి. నేను కబేళాలో మాంసం తనిఖీ చేస్తాను. పదకొండేళ్ళ నుంచి చేస్తున్నాను. కొంకికి వేలాడే ఎద్దు కాలేయాన్ని కోసి చూస్తాను, ఊపిరితిత్తులు నొక్కి చూస్తాను, గ్రంథులు చీల్చి చూస్తాను. బాగుంటే ఊదారంగు ముద్ర వేస్తాను, లేకపోతే గుంటలో పారేయిస్తాను. పండగ ముందు వారంలో రోజుకు మూడొందల ఎద్దుల దాకా నా చేతి కింద నుంచి పోతాయి. ఈ నగరంలో ఫాసికాకు మాంసం తిన్న మగవాళ్ళలో కొన్ని వేలమంది నా ముద్ర మీద నమ్మకంతో తిన్నారు. పోయిన నెల నేను ఒక కాలేయాన్ని పనికిరాదన్నాను. దాన్నిండా నీటి తిత్తులు. ఎద్దు యజమాని నా వైపు చూడకుండా నా వెనకాల ఉన్న గోడతో అన్నట్టు, "ఇక్కడ మగ డాక్టరు ఎవరూ లేరా అమ్మా?" అన్నాడు. పక్క లైను నుంచి ఒకతన్ని పిలిచాను. అతను ఉద్యోగంలో చేరి ఏడు నెలలు. వచ్చి చూసి, "పనికిరాదు" అన్నాడు. "అలా చెప్పండి" అన్నాడు యజమాని, వెళ్ళిపోయాడు. ఆ రోజు ఇంటికొచ్చి ఆ సంగతి నా భర్త దెరెజెకు చెప్పాను. "నీకు ప్రతిదీ పట్టింపే. పని అయిందా లేదా?" అన్నాడు.

శనివారం సెలవు కోసం నేను మూడు వారాలు రాత్రి డ్యూటీలు చేశాను. ఎందుకంటే ఈ ఏడాది ఫాసికా మా ఇంట్లో చేస్తానని ఎల్దానాకు మాటిచ్చాను.

ఎనిమిదేళ్ళుగా ఫాసికా అత్తగారింట్లోనే. పద్దెనిమిది మందికి వండేది నేను. పెళ్ళయిన మొదటి ఏడాది అత్తగారు అందరి ముందూ గరిటె ముంచి కుండలో ముక్కలు లెక్కపెట్టారు. ఒక కోడిని పన్నెండు ముక్కలు చెయ్యాలి. ఏ ముక్క ఎవరిదో పుట్టకముందే రాసిపెట్టి ఉంటుంది. పదకొండే వచ్చాయి. "ఎద్దులు కోసే చోట ఉద్యోగమంట, కోడిని ముక్కలు చెయ్యడం రాదు" అన్నారు. అందరూ నవ్వారు. దెరెజె కూడా నవ్వాడు. పన్నెండో ముక్క గరిటెకు అంటుకుని ఉంది. అది బయటపడ్డాక ఎవరూ ఏమీ అనలేదు. పోయిన ఏడాది అక్కడే మగవాళ్ళు తిని, పెద్దవాళ్ళు తిని, మా దాకా వచ్చేసరికి ఎల్దానా గోడకానుకుని నిద్రపోయింది. లేపితే మిగిలింది మెడ. నాహోమ్ చేతిలో కోడి కాలు ఉంది. వాడికప్పుడు రెండేళ్ళు.

"వాడికి పళ్ళే సరిగ్గా రాలేదు కదా, కాలు ఎందుకు?" అని అడిగింది ఎల్దానా.

"వాడు మగపిల్లాడు. పళ్ళు వస్తాయి" అన్నారు అత్తగారు.

ఇంటికొచ్చాక ఎల్దానా నన్ను ఇంకో ప్రశ్న అడిగింది. "నాకు పళ్ళున్నాయి కదమ్మా?" అంది. అందుకని మాటిచ్చాను. వచ్చే ఫాసికా మనింట్లోనే, అందరితో పాటు నువ్వూ కూర్చుంటావు, నీకు కావలసిన ముక్క నువ్వే తీసుకుంటావు అన్నాను. దెరెజెను ఒప్పించడానికి రెండు నెలలు పట్టింది. "రెండు గదుల కొంపలో పండగేంటి?" అన్నాడు మొదట. చివరికి, "సరే, కానీ అమ్మ వస్తుంది" అన్నాడు. ఈ ఏడాది ఎల్దానా ఆఖరి వారం ఉపవాసం కూడా ఉంది. మధ్యాహ్నం దాకా నీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. పెద్దవాళ్ళకు యాభై అయిదు రోజులు మాంసం, పాలు, గుడ్డు లేవు. ఆ యాభై అయిదు రోజులూ నేను దెరెజెకు ఉపవాసపు వంట ఒక పొయ్యి మీద, నాహోమ్‌కు పాలు గుడ్లు ఇంకో పొయ్యి మీద వండాను. గరిటెలు కలిసిపోకూడదు. దెరెజె ఉపవాసం గురించి ఆఫీసులో అందరికీ తెలుసు. రెండో పొయ్యి గురించి ఎవరికీ తెలియదు.

శనివారం పొద్దున్న ఎనిమిది దాటాక దెరెజె బయల్దేరాడు. స్నేహితులు తొమ్మిది మంది కలిసి ఎద్దును కొన్నారు. కోసి, పోగులు పెట్టి పంచుకుంటారు. ప్రతి పండక్కీ ఉండేదే.

"కోడి?" అన్నాను.

"వచ్చి కోస్తా."

"ఎప్పుడొస్తావు? పదకొండుకల్లా పొయ్యి మీద ఉల్లిపాయలు పడాలి."

"ఎద్దు పని చూసి వచ్చేస్తాలే. కోడెక్కడికి పోతుంది?"

పదింటికి ఫోన్ చేశాను. వెనకాల నవ్వులు, ఎవరో గ్లాసులు కడుగుతున్న చప్పుడు. "ఇంకా చర్మం తీస్తున్నారు తిర్సిత్. ఎవడో ఒకణ్ణి పట్టుకోరాదూ? పన్నెండు బ్లాకులున్నాయి. ఒక్క మగాడు దొరకడా?" అన్నాడు.

అప్పటికే నేను నలభై నిమిషాలుగా షెడ్డు దగ్గర నిలబడి ఉన్నాను. నా ముందు ముగ్గురు. అందరి చేతుల్లోనూ కోడి, కత్తి. కత్తులు అందరివీ నూరి ఉన్నాయి.

"ఒక్క మన బ్లాకులోనే నలభై ఎనిమిది ఇళ్ళు. నీళ్ళు రావు, లైట్లు వెలగవు. ఇప్పుడు మగాళ్ళు కూడా అయిపోయారు" అంది మింత్వాబ్ అక్క. ఆమె భర్త పోయి ఆరేళ్ళయింది. ఆరేళ్ళుగా ప్రతి పండక్కీ ఇక్కడ నిలబడుతోంది.

"ఉన్నారక్కా. మా ఆయన పైనే ఉన్నాడు. నిద్రలేపితే పండగ పూట గొడవ" అంది రెండో అంతస్తు అమ్మాయి. ఆమెకు పెళ్ళయి ఏడాది కాలేదు.

"కోడిని పట్టుకెళ్ళి ఆయన పక్కన పడుకోబెట్టు. అది కూస్తే లేస్తాడు" అంది అక్క.

"లేచి నన్నే కోస్తాడు" అంది ఆ అమ్మాయి. మేం నలుగురం నవ్వాం. నవ్వాం కానీ కోళ్ళు చేతుల్లోనే ఉన్నాయి. నా కుడి చెయ్యి తిమ్మిరెక్కింది.

తెల్లబట్టల్లో ఒకాయన పోతూ కనపడ్డాడు. మింత్వాబ్ అక్క పిలిచింది. "చర్చికెళ్తున్నానమ్మా, రక్తం పడుతుంది" అని వెళ్ళిపోయాడు. ఇంకొకడు ఫోన్ మాట్లాడుతూ చెయ్యి ఊపాడు. ఆ ఊపు వస్తాననో రాననో మాకు తెలియలేదు, రాలేదు. పది నలభైకి అయిదో అంతస్తు బిరుక్ దిగాడు. బ్యాంకులో పని చేస్తాడు, ముప్పై ఏళ్ళుంటాయి. చొక్కా చేతులు మడుచుకుని వచ్చి మింత్వాబ్ అక్కను మెల్లిగా అడిగాడు. "ఎక్కడ కొయ్యాలక్కా?"

ఆమె తన గొంతు మీద వేలితో చూపించింది.

మొదటి రెండు కోళ్ళను ఎలాగో కోశాడు. మూడోది మింత్వాబ్ అక్కది. కత్తి సగం దిగాక అతని చెయ్యి జారింది. కోడి చేతుల్లోంచి ఎగిరి గోడకు కొట్టుకుంది. షెడ్డంతా తిరిగింది. గోడ మీద, కొళాయి మీద, బిరుక్ చొక్కా మీద రక్తం. అది చావడానికి దాదాపు నిమిషం పట్టింది. కబేళాలో ఎవరైనా అలా కోస్తే నేను లైను ఆపించి రిపోర్టు రాస్తాను. బిరుక్ కత్తి కింద పడేసి కొళాయి దగ్గరికెళ్ళి వాంతి చేసుకున్నాడు. "సారీ అక్కా" అని పైకి వెళ్ళిపోయాడు. మింత్వాబ్ అక్క వంగి తన కోడిని ఎత్తుకుంది. "పాపం, ఏం చేస్తాడు" అంది. ఆమె జాలిపడింది అతని మీద.

పదకొండింటికి అత్తగారి ఫోన్. పులుసు ఎందాకా వచ్చిందని. చెప్పాను.

"ఇంట్లో మగాడు లేకపోవడమేంటే? నాహోమ్ లేడూ?"

"వాడికి మూడేళ్ళు అత్తయ్యా."

"మూడేళ్ళైతే? మగాడు మగాడే. నీ చెయ్యి కింద, వాడి చెయ్యి పైన. కత్తి మీద పెట్టించు. కోసింది వాడే అవుతాడు. మా అమ్మ అలాగే చేయించేది."

నేను చేశాను. ఇది దాచను. నాహోమ్‌ను పిలిచాను. వాడి చేతికి బిస్కెట్ తడి అంటుకుని ఉంది. ఆ చేతిని నా చేతి మీద, కత్తి పిడి మీద పెట్టాను. పదకొండేళ్ళ అనుభవం ఉన్న నేను, చదువుకుని సర్టిఫికెట్ తెచ్చుకున్న నేను, నా కొడుకు వేళ్ళను ఒక్కొక్కటిగా విప్పి నా వేళ్ళ మీద అమర్చాను. వాడు గోడ మీది రక్తం చూశాడు. అరిచాడు. నిక్కరు తడిసింది. చెయ్యి లాక్కోబోయాడు, నేను ఒక క్షణం వదల్లేదు. ఆ క్షణం నాకు ఇప్పటికీ గుర్తుంది.

"అమ్మా, తమ్ముణ్ణి వదిలెయ్. నా చెయ్యి పెడతా. నేను ఏడవను" అంది ఎల్దానా.

"నువ్వు ఆడపిల్లవి తల్లీ, నీ చెయ్యి పనికిరాదు" అంది రెండో అంతస్తు అమ్మాయి, నవ్వుతూ.

"తమ్ముడి చెయ్యి ఊరికే పైన ఉంటుంది. కోసేది అమ్మేగా?"

నాహోమ్ ఏడుస్తూనే ఉన్నాడు. నేను వాడిని మింత్వాబ్ అక్కకు ఇచ్చాను. ఎల్దానాను కోడి కాళ్ళు గట్టిగా పట్టుకోమన్నాను. తూర్పుకు తిరిగాను. కత్తితో గాలిలో సిలువ గీసి తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల పేరు చెప్పాను. రెక్కలు ఎడమకాలి కింద అదిమి, తల వెనక్కి వంచి, ఒక్కసారి లాగాను. రెండు సెకన్లు. కోడి కొట్టుకున్నంతసేపూ ఎల్దానా కాళ్ళు వదల్లేదు. రక్తం మోరీలోకి పోయింది. గోడ మీద ఒక్క చుక్క పడలేదు.

"మేమేం చూళ్ళేదు" అంది మింత్వాబ్ అక్క. తర్వాత నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "బిరుక్ కోశాడని చెప్పు. వాడు కాదనడు. వాడి పరువూ నిలబడుతుంది."

మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఉల్లిపాయలు, బెర్బెరె కారం, మసాలా నెయ్యి. పన్నెండు ముక్కలు, పన్నెండు గుడ్లు. ఎల్దానా ముక్కలు లెక్కపెట్టింది, రెండుసార్లు. తనకు ఏది కావాలో చెప్పలేదు, రేపు చెబుతానంది. అయిదింటికి దెరెజె వచ్చాడు. ఎద్దు మాంసం పోగు ఉన్న సంచీని వంటింటి గట్టు మీద పెట్టి, "ఇది ఈ రాత్రికే కొయ్యాలి, చెడిపోతుంది" అన్నాడు. సంచీలోంచి కనపడిన ముక్క మీద నా ముద్ర లేదు. స్నేహితుడి పెరట్లో కోసిన ఎద్దు. దాని కాలేయం ఎవరూ చూసి ఉండరు. దాన్ని అందరూ తింటారు.

"నాన్నా! అమ్మ కోడిని కోసింది! నేనే కాళ్ళు పట్టుకున్నా!"

దెరెజె నన్ను చూశాడు. అతను అడిగిన మొదటి ప్రశ్న, "ఎంతమంది చూశారు?"

"అయిదుగురు, మన పిల్లలతో కలిపి" అన్నాను.

కుర్చీలో కూర్చున్నాడు. ఎల్దానాను దగ్గరికి పిలిచి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. మామూలుగా కూర్చోబెట్టుకోడు. "ఇదిగో చూడు బంగారం. రేపు నానమ్మ అడుగుతుంది, ఎవరు కోశారని. బిరుక్ అన్నయ్య కోశాడని చెప్పాలి. ఏం?"

"బిరుక్ అన్నయ్య వాంతి చేసుకున్నాడు."

"సరేలే. అయినా అలా చెప్పాలి. నానమ్మ పెద్దది. యాభై అయిదు రోజుల నుంచి ఉపవాసం ఉంది. నిజం తెలిస్తే తినదు. నానమ్మ ఆకలితో ఉంటే నీకు బాగుంటుందా?"

"అబద్ధమాడితే ఉపవాసం పాడైపోతుందని టీచర్ చెప్పింది."

"ఇది అబద్ధం కాదు. పెద్దవాళ్ళ మాట వినడం."

నేను కుండలో గరిటె తిప్పుతున్నాను. అడుగు అంటకుండా ఉండాలంటే ఆపకూడదు. ఏడేళ్ళ పిల్లకు వాళ్ళ నాన్న ఏం నేర్పుతున్నాడో ప్రతి మాటా విన్నాను. అమ్మ చేసిన పనిని అది చెయ్యని వేరే మగవాడి ఖాతాలో ఎలా వెయ్యాలో, దానికి ప్రేమ అని ఎలా పేరు పెట్టాలో నేర్పుతున్నాడు. నాకు కూడా ఎవరో అలాగే నేర్పి ఉంటారు. ఆ వయసులో నేను బాగానే నేర్చుకుని ఉంటాను, అందుకే ఎనిమిదేళ్ళు పన్నెండు ముక్కలు లెక్కతో కోసి మెడ తిన్నాను. నోట్లో మాట ఉంది. చెప్పలేదు. పండగ చెడగొట్టిందని రేపు అంటారు, ఎల్దానా పండగ పోతుంది అనుకున్నాను. ఎల్దానా ఒళ్ళోంచి దిగి వంటింటి గుమ్మం దగ్గరికొచ్చింది. నేనేమైనా అంటానేమోనని చూసింది. నేను గరిటె తిప్పుతూనే ఉన్నాను. ఆ పిల్ల వెళ్ళి తమ్ముడి పక్కన పడుకుంది.

ఆ రాత్రి దెరెజె వాళ్ళమ్మతో కలిసి చర్చికి వెళ్ళాడు. పోగు మాంసం నేనే కోసి ఉప్పు పట్టించాను.

ఆదివారం ఉదయం ఏడున్నరకు అత్తగారు వచ్చారు. చర్చి నుంచి రాగానే తెల్లవారుజామున కాకుండా, పిల్లలు లేచాకే ఉపవాసం విడుద్దామని నేను అడిగితే, ఆ ఒక్కటి ఒప్పుకున్నారు. పండగ ఆచారం ప్రకారం నేల మీద పచ్చగడ్డి పరిచాను. పిల్లలకు తెల్లబట్టలు వేశాను. అత్తగారు ఇద్దరినీ ముద్దు పెట్టుకున్నారు. దెరెజె పండగ రొట్టె మీద సిలువ గీసి కోశాడు. రొట్టె కూడా మగవాడే కోయాలి. ఒకే పళ్ళెంలో ఇంజెరా అట్టు పరిచి నడుమ పులుసు వడ్డించాను. ఎల్దానా నాన్న పక్కన కూర్చుంది. పళ్ళెం దగ్గర ఆ పిల్లకు చోటు దొరకడం అదే మొదటిసారి.

అత్తగారు వంగి వాసన చూశారు. "బాగా కడిగావు" అన్నారు. ఎనిమిదేళ్ళలో అది మొదటి మెప్పు. "కోసిందెవరు? నాహోమ్ చేత పెట్టించావా?"

"బిరుక్ కోశాడమ్మా. పైనింటి కుర్రాడు, బ్యాంకు" అన్నాడు దెరెజె.

"మంచిది. చెయ్యి తిరిగినవాడే." ఆమె రొమ్ము ముక్క తీసి దెరెజె ముందు పెట్టారు. ఒక కాలు తను తీసుకున్నారు, రెండోది నాహోమ్ ముందు పెట్టారు. రెక్క ముక్క ఎల్దానా వైపు తోశారు. "తిను తల్లీ. నువ్వు చూశావా ఆ అబ్బాయి కొయ్యడం? భయమేసిందా?"

ఎల్దానా వాళ్ళ నాన్నను చూసింది. దెరెజె తల ఊపాడు, చిన్నగా. ఆ పిల్ల నోరు తెరిచింది.

"నేను కోశాను అత్తయ్యా" అన్నాను.

అత్తగారి చేతిలో ఇంజెరా ముక్క పులుసుకు నాలుగు వేళ్ళ దూరంలో ఆగింది.

"తమాషా చేస్తోందమ్మా" అన్నాడు దెరెజె.

"తమాషా కాదు. శనివారం పదకొండు పదికి. మీ అబ్బాయి ఎద్దు దగ్గర ఉన్నాడు. బిరుక్ వాంతి చేసుకున్నాడు. నాహోమ్ నిక్కరు తడుపుకున్నాడు. ఎల్దానా కాళ్ళు పట్టుకుంది, నేను కోశాను. ఆ పిల్ల చేత మీరు అబద్ధం చెప్పించకూడదు. ఇంతకుముందే చెప్పాల్సింది. నిన్న చెప్పాల్సింది."

"దేవుడా! పండగ పూట" అన్నారు అత్తగారు. ఇంజెరా కింద పెట్టారు. చెయ్యి తుడుచుకున్నారు, ఆ చేతికి ఇంకా ఏమీ అంటలేదు. "యాభై అయిదు రోజులు. యాభై అయిదు రోజులు నోరు కట్టుకున్నా. దీంతోనా విడవాలి?"

"అది నేను వండిందే, నేనే కడిగాను, నేనే కొన్నాను. రెండు సెకన్ల పని ఎక్కువైంది, అంతే" అన్నాను. నా గొంతు పెరిగిందని నాకు తెలుసు. "మీ తొమ్మిదిమంది కోసిన ఎద్దు కాలేయం ఎవరూ చూడలేదు. అది తింటారు. నా ముద్ర వేసిన మాంసం ఊరంతా తింటుంది. ఆ చేత్తో కోసిన కోడి మాత్రం..."

"నోర్ముయ్" అన్నాడు దెరెజె. "పిల్లల ముందు."

"పిల్లల ముందే."

అతను కుండ పట్టుకుని లేచాడు. "ఇది బయట పారేస్తా. కుక్కలు తింటాయి."

"పెట్టు అక్కడ" అన్నాను. నేను కూడా లేచాను. "అది నా పిల్లల పండగ."

కుండ అతని చేతులు కాల్చింది. గట్టు మీద పెట్టేశాడు. అత్తగారు అప్పటికే నెతెలా శాలువా తల మీదికి లాక్కున్నారు. "పదరా, మీ అన్న ఇంటికి" అన్నారు. నాహోమ్‌ను ఎత్తుకోబోయారు. వాడు కోడి కాలు నోట్లో పెట్టుకుని ఉన్నాడు, వదల్లేదు. ఎనిమిదీ ఇరవైకి తలుపు మూసుకుంది. మెట్ల మీద ఆమె మాటలు కింది అంతస్తు దాకా వినిపించాయి.

ఎల్దానా కాసేపు తలుపు వైపు చూసింది. తర్వాత తన ముందున్న రెక్కను నా వైపు తోసి, దెరెజె వదిలేసిన రొమ్ము ముక్క తీసుకుంది. మేం ముగ్గురం తిన్నాం. గడ్డి మీద పులుసు పడింది.

దెరెజె ఆదివారం సాయంత్రం వచ్చాడు. ముందుగదిలో పడుకున్నాడు. సోమవారం రాత్రి తనే పళ్ళెం పెట్టుకున్నాడు. అదే కుండలోంచి రెండు గుడ్లు తీసుకున్నాడు, పులుసు రెండుసార్లు వేసుకున్నాడు. ముక్క తీసుకోలేదు.

బుధవారం ఎల్దానా స్కూలు నుంచి నోటుపుస్తకం తెచ్చింది. పండక్కి మీ ఇంట్లో ఏం జరిగిందో రెండు వాక్యాలు రాయమన్నారట. మొదటిది, 'మేము గడ్డి పరిచాము.' దానికి టిక్కు పెట్టి ఉంది. రెండోది, 'మా అమ్మ కోడిని కోసింది.' దానిలో 'అమ్మ' అన్న మాటను ఎర్రసిరాతో కొట్టేసి, పైన 'నాన్న' అని రాసి ఉంది. పక్కన సున్నా.

"నేను చెప్పానమ్మా నిజమని. టీచర్ కూర్చోమంది" అంది ఎల్దానా.

గురువారం నేను కబేళాకు ఫోన్ చేసి ఆలస్యంగా వస్తానని చెప్పాను. ఎనిమిదిన్నరకు స్కూల్లో ఉన్నాను. టీచర్ చిన్న వయసు మనిషి, చేతినిండా సుద్దపొడి. పుస్తకం తెరిచి ఆమె ముందు పెట్టాను.

"పిల్లలు కల్పించి రాస్తారండీ" అంది.

"కల్పించలేదు. కోసింది నేనే."

ఆమె పుస్తకం చూసింది. నా చేతులు చూసింది. తరగతి గది తలుపు దగ్గరగా వేసింది. "మా ఇంట్లో నేనూ మా చెల్లీ మా అమ్మా. శనివారం రెండు గంటలు గేటు దగ్గర నిలబడ్డాం" అంది. తర్వాత అడిగింది, "చెయ్యి వణకలేదా?"

"లేదు" అన్నాను.

ఎల్దానాను పిలిచింది. ఆ వాక్యాన్ని కింద మళ్ళీ రాయమంది. ఎల్దానా నిలబడే రాసింది. టీచర్ దాని పక్కన టిక్కు పెట్టి, సున్నాను కొట్టేసి, తేదీ వేసి సంతకం చేసింది. అప్పుడు సమయం ఎనిమిది నలభై అయిదు.